స్కూల్ ఫొటోగ్రాఫర్ పని ఎలా ఉంటుంది, డబ్బులు మిగులుతాయా?

మాది చండూరు దగ్గర ఊరు. ఫిల్మ్ రీలుకు 36 ఫొటోలే వచ్చే రోజుల నుంచి నల్గొండ జిల్లా బళ్ళల్లో గ్రూప్ ఫొటోలు తీస్తున్నా. డబ్బుల సంగతి చివర్లో చెబుతా. ఫొటో తీయడం మాత్రం ఈ పనిలో తేలికైన భాగం. పొద్దున ప్రార్థన అయ్యేలోపు బెంచీలు మోయించాలి, పొట్టివాళ్ళను కింద కూర్చోబెట్టాలి, పొడుగువాళ్ళను వెనక బెంచీలు ఎక్కించాలి. వేపచెట్టు కింద చల్లగా ఉంటుందని హెడ్‌మాస్టర్లు అక్కడే తీయమంటారు. ఆకుల సందుల్లోంచి పడే ఎండకు ముఖాల నిండా మచ్చలొస్తాయని ఒక్కరూ వినరు. బిల్డింగ్ నీడే మేలు. కళ్ళు మూసుకోమని, మూడు అనగానే తెరవమంటే సగం గండం గడిచినట్టే.

ఇంకో సగం నవ్వు. మర్రిగూడ వైపు ఒక హైస్కూల్లో 2009లో పదో తరగతి ఫొటో తీశాను. ఎన్ని జోకులేసినా ఒక్కరూ నోరు తెరవలేదు. పెదాలు బిగబట్టి నిలబడ్డారు. రెండో వరుసలో ఒకమ్మాయి చున్నీ అడ్డం పెట్టుకుంది. "ఏందిరా, ఎవరన్న సచ్చిన్రా?" అని కసిరాను కూడా. ఫ్లోరైడ్ నీళ్ళ ఊరని తెలిసీ ఆ మాటెలా అన్నానో. పళ్ళు తయారయ్యే చిన్న వయసులో ఆ నీళ్ళు తాగితే పట్టే గార, తర్వాత ఎంత తోమినా పోదు.

ఐదో ఫొటోకు లెక్కల సార్ గట్టిగా తుమ్మాడు. అందరూ ఘొల్లున నవ్వారు, నేను నొక్కేశాను. స్క్రీన్ చూసిన పిల్లలు "సార్, గది వద్దు సార్" అని చుట్టూ మూగారు. హెడ్‌మాస్టర్‌కేమో అదే నచ్చింది. పళ్ళు తెల్లగా చేసిస్తానని మాటిచ్చి రాత్రంతా ఫొటోషాప్‌లో కూర్చున్నా. లెక్కల సార్ తల వేరే ఫొటోలోంచి తెచ్చి అతికించా. పిల్లలు మురిసిపోయారు. పెద్ద ఘనకార్యం చేశానని నేనూ అనుకున్నా.

వారం తర్వాత ఒక పిల్లగాని తల్లి ఫొటో పట్టుకుని స్టూడియోకు వచ్చింది. "సారూ, గీ పండ్లు మావోనివి కావు" అంది. బాగుంటాయని చేశానమ్మా అన్నాను. కొంగు పక్కకు తీసి తన పళ్ళు చూపించింది. "గివే వానివి. మా పిల్లగాని ఫొటో మాకియ్యి." గార పళ్ళతోనే ఇంకో కాపీ తీసిచ్చి, డబ్బులు వద్దన్నా. వినలేదు, 60 రూపాయలు టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏ పిల్లల పళ్ళ జోలికీ పోలేదు.

ఇప్పుడు అదే స్కూల్లో చిన్న తరగతుల పిల్లలు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. ఇంటింటికీ మంచినీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకానికి చౌటుప్పల్‌లో పైలాన్ వేసింది 2015లో. పైపుల్లో కృష్ణ నీళ్ళు రావడం వల్లే ఈ మార్పు అని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరైనా కాదంటే నా హార్డ్ డిస్క్ తెచ్చి చూపిస్తా. ల్యాబ్ రిపోర్టులో నీళ్ళ సంగతి ఉంటుంది, పిల్ల చున్నీ అడ్డం పెట్టుకుందో లేదో ఉండదు కదా.

ఇక డబ్బులు. సర్కారు బడిలో పిల్లలే తలా ఇంత వేసుకుని చేతికిస్తారు, బాకీ ఉండదు. ప్రైవేటు స్కూళ్ళతోనే టెన్షన్. కమీషన్ అడుగుతారు, కరస్పాండెంట్ ఇంట్లో పుట్టినరోజు ఫొటోలు ఊరికే తీయమంటారు. ఐడీ కార్డుల మీద పేర్లు వాళ్ళే తప్పు రాసిచ్చి, తిరిగి మన ఖర్చుతో ప్రింట్ వేయమంటారు. ఇప్పుడైతే టీచర్లే ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో పంపుతున్నారు, తలలన్నీ సాగిపోయి ఉన్నా వాళ్ళకు పర్వాలేదు. పెళ్ళిళ్ళ సీజన్ లేకపోతే నా స్టూడియో కిరాయి కూడా వెళ్ళదు.

అయినా ఫిబ్రవరి వస్తే పదో తరగతి ఫొటోలకు బయల్దేరతాను. మీరు ఈ పనిలోకి దిగాలంటే దిగండి, కానీ సగం అడ్వాన్స్ తీసుకోకుండా ఐడీ కార్డులు ఒప్పుకోకండి. నాకు పోయిన జూన్ కార్డుల డబ్బులు ఇంకా రావాలి.