రెండు గుంతలూ ఒకేసారి నిండిపోతే

స్వచ్ఛ భారత్ పథకం ఇచ్చే 12,000 రూపాయలతో మీ అమ్మగారింట కట్టిన మరుగుదొడ్డికి రెండు గుంతలూ ఒకేసారి నిండాయనీ, దిగి తోడడానికి ఒకాయన వస్తానన్నారనీ రాశారు. దయచేసి ఆయనను దింపకండి. లోపలి విషవాయువుకు మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అలా దింపడం నేరం కూడా.

తప్పు గుంతలది కాదు. రెండింటిలో ఒకసారి ఒక్కటే వాడాలి, రెండోదాని దారి మూసి ఉండాలి. గొట్టం రెండుగా చీలేచోట చిన్న చాంబరు ఉంటుంది, దాని మూత తీసి చూడండి. మా ఇంట్లో మేస్త్రీ రెండు దారులూ తెరిచే వదిలేశాడు. ఒక్క ఇటుక, గుప్పెడు మెత్తని సిమెంటుతో ఒక దారి మూయవలసింది, అంతే.

ఇప్పుడు ట్యాంకరు పిలిచి, గొట్టంతో ఒక గుంత మాత్రమే ఖాళీ చేయించండి. వాడకం అటు తిప్పి, రెండోదాని దారి మూసేయండి. దాన్ని రెండేళ్లు కదపవద్దు. నీళ్లు వరల సందుల్లోంచి నేలలోకి ఇంకిపోతాయి, మిగిలినది ఎరువవుతుంది. మేము తీసినప్పుడు చేతిలో పొడిపొడిగా రాలింది, వాసనే లేదు. మా అమ్మ దాన్ని కరివేపాకు చెట్టుకు వేసింది.

స్నానం నీళ్లు మాత్రం అటు వదలకండి. యాసిడ్ అసలే వద్దు, మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి.