పాత మానిటర్ విప్పిన మేనల్లుడికి

కాకినాడ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పాత సామాన్ల కొట్లో పదిహేడు అంగుళాల పిక్చర్ ట్యూబ్ మానిటర్ కొన్నావట. చిన్నప్పటి వీడియో గేములు దాని మీదే ఆడాలట. ఆన్ చేస్తే టిక్ టిక్ మంటోంది తప్ప బొమ్మ రావట్లేదట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెనక మూత అప్పుడే విప్పేశావని కూడా చెప్పింది. నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే. ఇది పూర్తిగా చదివాకే మళ్లీ లోపల చెయ్యి పెట్టు.

ఆ ట్యూబ్ ఉత్త గాజు బుడ్డి కాదు, ఛార్జి దాచుకునే పెద్ద కెపాసిటర్. పక్కన రబ్బరు టోపీ కింద ఇరవై వేల వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా కొంత మిగిలి ఉండొచ్చు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇనుప కడ్డీకి ఒక క్లిప్ వైరు తగిలించు. రెండో కొసను ట్యూబ్ వీపు మీద వేలాడే జడలాంటి రాగి తీగకు తగిలించు. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ మొనను టోపీ కిందికి మెల్లగా తోయి. టప్ మనొచ్చు, అనకపోవచ్చు. ఐదు నిమిషాలాగి మళ్లీ చెయ్యి, ఎందుకంటే ఛార్జి కొంత తిరిగొస్తుంది. పవర్ సప్లైలో ఉన్న లావుపాటి కెపాసిటర్‌లో ఇంకో 320 వోల్టులుంటాయి. దాన్ని మాత్రం స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యకు. పాతకాలం ఫిలమెంట్ బల్బు వైర్లు దాని కాళ్లకు ఆనించి ఖాళీ చేసి, మీటర్ పెట్టి చూసుకో. ట్యూబ్ మెడ భాగం చాలా పల్చన. దానికి దెబ్బ తగిలితే మానిటర్‌కి ఇక వైద్యం లేదు.

ఇక టిక్ టిక్ సంగతి. దానికి ముఖ్యంగా రెండు కారణాలు. సప్లై తన నీరసం వల్లే లేవలేకపోతూ ఉండాలి, లేదా అవతల షార్ట్ ఉండి లేచిన ప్రతిసారీ ట్రిప్ అవుతూ ఉండాలి. ముందు రెండోది చూడు. వేడి లాగే పెద్ద హీట్ సింక్‌కి బిగించిన, బొమ్మను అడ్డంగా గీయించే హారిజాంటల్ ట్రాన్సిస్టర్‌కి కలెక్టర్ కాలుకీ ఎమిటర్ కాలుకీ మధ్య, మీటర్ వైర్లు అటూ ఇటూ మార్చినా సున్నా చూపిస్తే అది పోయినట్టే. బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య నలభై యాభై ఓములు చూపిస్తే కంగారుపడకు, చాలావాటిలో లోపలే రెసిస్టర్ ఉంటుంది. కొత్తలో నేను దాన్ని షార్ట్ అనుకుని శుభ్రంగా ఉన్నవే పారేశాను.

పోయిందని తేలినా వెంటనే కొత్తది వేసేయకు. ఒకసారి ఒక నెట్ సెంటర్ మానిటర్‌కి ఒకే మధ్యాహ్నం మూడు ట్రాన్సిస్టర్లు తగలేశాను. వేస్తాను, ఆన్ చేస్తాను, టప్! మూడోది పోయాక గానీ భూతద్దం తియ్యాలని తోచలేదు. చంపింది పక్కనే బుద్ధిమంతుడిలా కూర్చున్న 1600 వోల్టుల కెపాసిటర్. పైకి నున్నగా ఉంది, కింద మాత్రం కాలి చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత ఉంగరం. డ్రై సోల్డర్, అంటే పట్టు వదిలిన అతుకు. ఆ కెపాసిటర్ కనెక్షన్ వదిలిందంటే వెయ్యి వోల్టుల దగ్గర ఆగాల్సిన పల్స్ ఎక్కడికో పోతుంది, ట్రాన్సిస్టర్ బలైపోతుంది.

అందుకే ఫ్లైబ్యాక్ (ట్యూబ్‌కి వేల వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్), డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్, యోక్ (ట్యూబ్ మెడ దగ్గరి తీగచుట్ట) కనెక్టర్ లాంటి బరువైనవాటి కాళ్లన్నీ పాత సోల్డర్ లాగేసి కొత్తగా పెట్టు. ఆ కెపాసిటర్ మార్చాల్సి వస్తే విలువా వోల్టేజీ అచ్చంగా అవే ఉండాలి. విలువ తగ్గితే ట్యూబ్ వోల్టేజీ పెరిగిపోతుంది, ఎక్స్‌రేలు కూడా పెరుగుతాయి. మీ కోఠీ గుజరాతీ గల్లీలో వెతుకు, పాత పార్టు జేబులో వేసుకుని వెళ్లు. సెట్ నడుస్తుండగా ఆ ట్రాన్సిస్టర్ కలెక్టర్ మీద మీటర్ పెట్టావో, మీటర్‌కి దండం పెట్టుకోవాల్సిందే.

ట్రాన్సిస్టర్ బాగుంటే అనుమానం పవర్ సప్లై మీదికి తిరుగుతుంది. అందులో సప్లైని నడిపించే 3842 ఐసీ ఉంటే ఏడో కాలు దగ్గరి చిన్న కెపాసిటర్ చూడు. ఆ ఐసీ 16 వోల్టుల దగ్గర లేస్తుంది, 10కి పడితే ఆగిపోతుంది. వేడికి ఎండిపోయిన కెపాసిటర్ ఆ మధ్యలో నిలబెట్టలేదు. లేవడం, పడటం, మళ్లీ లేవడం, అదే నీకు వినపడే టిక్ టిక్. 105 డిగ్రీల వేడి తట్టుకునేది పెట్టు, రేటులో తేడా పెద్దగా ఉండదు. ఇక్కడ కొలిచేటప్పుడు మీటర్ నల్ల వైరు లావుపాటి కెపాసిటర్ మైనస్‌కే పెట్టాలి. చాసిస్‌కి పెడితే పిచ్చి అంకెలొస్తాయి.

రంగు ఒకటి తగ్గితే ముందు కేబుల్ పిన్నులు చూసుకో. మధ్యలో అడ్డంగా ఒకే గీత వస్తే బొమ్మను నిలువుగా పరిచే వెర్టికల్ ఐసీ సంగతి, వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించు, లేకపోతే తెర మీద మచ్చ పడుతుంది.

అంతా అయ్యాక నేరుగా కరెంటు ఇవ్వకు. వంద వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టు, ఎల్ఈడీ బల్బు పనికిరాదు. తెరకు పట్టిన అయస్కాంతం పోగొట్టే డీగాస్ కాయిల్ ప్లగ్ పీకెయ్, అది లాగే కరెంటుకే బల్బు వెలిగి నిన్ను మోసం చేస్తుంది. భగ్గున వెలిగి తగ్గిపోతే ముందుకు వెళ్లొచ్చు. వెలుగుతూనే ఉంటే ఆపేసి నాకు ఫోన్ చెయ్యి. తొమ్మిది దాటితే నేను నిద్రపోతాను, మీ అత్తయ్య ఎత్తుతుంది. ముప్పై ఏళ్లుగా వింటోంది కదా, ముందు ఆవిడే అడుగుతుంది, డ్రై సోల్డర్ చూశావా అని.

ఇట్లు
మీ మావయ్య