వికీపీడియాలో నా పేజీ తప్పులతడక, పరువు నష్టం దావా వేయొచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. రిటైర్డ్ టీచర్‌ని, కథలు రాస్తాను. తెలుగు వికీపీడియాలో నా మీద ఉన్న పేజీలో పుట్టిన సంవత్సరం తప్పు, ఈమధ్య వచ్చిన రెండు కథా సంపుటాల ఊసే లేదు. పైగా నా కథ ఒకటి కాపీ అని ఆరోపణ వచ్చిందని రాశారు. ఆ ఆరోపణ అచ్చేసిన మాసపత్రికే తర్వాతి సంచికలో అది పొరపాటని వివరణ ఇచ్చింది, ఆ మాట మాత్రం రాయలేదు. సంక్రాంతికి మనవడు చూపిస్తే తెలిసింది. కోడలి అకౌంట్‌తో సరిచేస్తే మళ్లీ తీసేశారు. పాతిక వేలిస్తే పేజీ మొత్తం మార్చేస్తానని ఒకాయన అంటున్నాడు. నిద్ర పట్టడం లేదు. దావా వేయొచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అంతా చదివాను. మీ కేసు ఉన్నదల్లా ఒక్క వాక్యంలో: తర్వాతి సంచికలో వివరణ వేశారు. ఆ సంచిక ఎవరో చదువుతామని తీసుకెళ్లి తిరిగివ్వలేదని చివర్లో రాశారు చూడండి, నాకు కోపం వచ్చింది అక్కడే. పిల్లల హాజరు పట్టీలు అంత జాగ్రత్తగా చూసుకున్న మనిషి, తన పరువు నిలబెట్టే కాగితాన్ని ఒక్క జిరాక్స్ కూడా తీయించకుండా ఎట్లా ఇచ్చేశారు?

పుట్టిన సంవత్సరం, కొత్త పుస్తకాలు పక్కన పెట్టండి. నా పేజీ అప్‌డేట్ చేయండని కోర్టులో అడిగే హక్కు మనకు లేదు, పాతబడిన సమాచారం పరువు నష్టం కిందికి రాదు. మిగిలేది ఆ కాపీ వాక్యం. ఎవరో అన్నదే మేమూ రాశాం అంటే చట్టం వదిలిపెట్టదు గానీ, ఆరోపణ రావడం నిజమే కదా అని అవతలి లాయరు మొదలుపెడితే మీ చేతిలో ఆ వివరణ ఉండాలి. లేకపోతే మీ మాటకు ఆధారం మీ మాటే.

ఇక గడువు. 1963 లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 75 ప్రకారం, రాతలో జరిగిన పరువు నష్టానికి దావా వేయడానికి ఒక్క ఏడాదే. అదీ ప్రచురించిన రోజు నుంచి, మీ కంట పడిన రోజు నుంచి కాదు. నెట్‌లో ఉన్నన్నాళ్లూ రోజూ కొత్త గడువే అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి, 2013లో ఖవర్ బట్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. మన రాష్ట్రంలో అది తప్పక పాటించాల్సిన తీర్పు కాదు, అయినా దాన్ని కాదనిపించగలమని కూర్చోలేం. లాయరు నోటీసు పంపినా గడువు పెరగదు. పేజీ పైన ‘చరిత్ర’ నొక్కితే ఆ వాక్యం ఎవరు, ఏ రోజు, ఏ గంటకు చేర్చారో ఉంటుంది. ముందు అది చూడండి.

మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఆ చరిత్రే కాస్త కనబడుతోంది. మీ కోడలి మార్పు పోయిన ఆగస్టులో ఉంది. మీరేమో సంక్రాంతికి తెలిసిందంటున్నారు. కోర్టులో మిమ్మల్ని బోనెక్కించి మొదట అడిగే ప్రశ్న ఇదే.

అందుకే చెబుతున్నా, ఆ పాతిక వేల మనిషి జోలికి పోవద్దు. డబ్బు తీసుకుని ఆ సంగతి దాచి రాయడం వికీపీడియా నిబంధనలకే విరుద్ధం, పట్టుబడితే రాసిందంతా పోతుంది. దొంగ అకౌంట్లతో చేసిన ప్రతి మార్పూ ఆ చరిత్రలో మీకు ఎదురు సాక్ష్యంగా ఉండిపోతుంది. ఇంజంక్షన్, అంటే ఆ రాత ఆపమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు, జడ్జి విచక్షణ మీద ఇచ్చేది, దాపరికంతో వచ్చిన వాళ్లకు దొరకదు. కోడలికి కూడా ఆ పేజీ ముట్టుకోవద్దని ఈరోజే చెప్పండి.

పోలీస్ స్టేషన్‌కూ వెళ్లకండి, పరువు నష్టానికి వాళ్లు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి, దానికి గడువు మూడేళ్లు. 2024 జూలై 1కి ముందు రాసిందైతే పాత ఐపీసీ 499, 500 వర్తిస్తాయి. కానీ మారుపేరు వెనక ఉన్న మనిషిని తేల్చడానికే ఏళ్లు పడుతుంది. సైటు నడిపేవాళ్లేమో వేరేవాళ్లు రాసినదానికి మా బాధ్యత లేదంటూ ఐటీ చట్టం సెక్షన్ 79 చూపిస్తారు. 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన శ్రేయా సింఘాల్ తీర్పు తర్వాత వాళ్లను కదిలించాలంటే కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ ఉత్తర్వు గానీ ఉండాలి.

నా సలహా, కేసు కంటే ముందు ఆ సంచిక పట్టుకోండి. కడపలో బ్రౌన్ గ్రంథాలయంలో అడగండి, అక్కడ లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనానికి రాయండి, పాత పత్రికలకు పేరున్న చోటు అది. పత్రిక ఆఫీసుకూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పెట్టండి. దొరికాక ముఖపత్రం, తేదీ, పేజీ నంబరు కనబడేలా స్కాన్ తీసి, మీ సొంత పేరుతో అకౌంట్ తెరిచి, వ్యాసంలో చేయి పెట్టకుండా ‘చర్చ’ పేజీలో రాయండి: ఈ పేజీ నా గురించే, ఫలానా సంచికలో ఈ వివరణ వచ్చింది, చేర్చమని కోరుతున్నాను. అంతే. కన్నీళ్లు వద్దు, కేసు వేస్తానన్న బెదిరింపు అస్సలు వద్దు, అలా రాస్తే మీ అకౌంటే ఆపేస్తారు. బతికున్న మనుషుల మీద ఆధారం లేని మచ్చ ఉండకూడదని వాళ్లకూ గట్టి నియమాలున్నాయి. పుస్తకాలకూ ఇదే దారి, సమీక్షలు వచ్చిన పత్రికలు చూపించండి. పుట్టిన సంవత్సరానికి పదో తరగతి సర్టిఫికెట్ కోర్టుకు చాలు, వాళ్లకు చాలదు, ఎక్కడైనా అచ్చయిన పరిచయం కావాలి.

ఈలోగా ‘చరిత్ర’లో ఆ వాక్యం ఉన్న పాత కూర్పు, అంటే అప్పటి పేజీ రూపం, దాని శాశ్వత లింకు దాచుకోండి. వాట్సాప్‌లో తేదీ కత్తిరించి పంపిన ఫొటో నాకు పనికిరాదు. కేసు దాకా పోతే ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అందులో నిపుణుడు సంతకం చేసే భాగం కూడా ఉంటుంది. ఆ వాక్యం చేర్చి ఏడాది నిండబోతోందని తేలితే మాత్రం సంచిక కోసం ఆగకండి, ఉన్న కాగితాలతోనే వెంటనే మీ ఊళ్లో సివిల్ లాయరును కలిసి దావా వేయించండి.