టాలెమీ పటాలు చూడబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

షికాగోలోని న్యూబెరీ గ్రంథాలయంలో టాలెమీ భూగోళ గ్రంథపు తొలి ముద్రణలనూ, మధ్యయుగపు లాటిన్ లిఖిత ప్రతులు కొన్నింటినీ చూడటానికి వెళ్తున్నానని రాశావు. చాలా సంతోషం. ఎడ్వర్డ్ అయ్యర్ 1911లో ఆ గ్రంథాలయానికి ఇచ్చిన సేకరణ వల్ల టాలెమీ మీద పని చేసేవారికి అంతకంటే మంచి చోట్లు ఎక్కువ లేవు. నా ఉద్యోగ జీవితమంతా అరుదైన పుస్తకాల మధ్యే గడిచింది గనుక నీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: పటాన్ని పుస్తకం నుంచి విడదీసి చూడకు. పటం బొమ్మ ఇంట్లో కంప్యూటర్ మీదే దొరుకుతుంది. నువ్వు అంత దూరం వెళ్తున్నది ఆ బొమ్మలో కనిపించని వాటి కోసం, అంటే కాగితం వెనక వైపు, కుట్టులో దాగిన అంచు, వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు కాగితంలో కనిపించే తయారీదారు నీటిగుర్తు, పటానికి ముందూ వెనకా ఉన్న లాటిన్ పాఠం కోసం.

టాలెమీ క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో గ్రీకులో రాసిన ఈ గ్రంథాన్ని ఫ్లోరెన్సు పండితుడు యాకోపో ఆంజెలి సుమారు 1406-1410 మధ్య లాటిన్‌లోకి తెచ్చాడు. ఇది ప్రధానంగా పట్టికల గ్రంథం. దాదాపు 8,000 స్థలాల పేర్లు, వాటి అక్షాంశ రేఖాంశాలు అందులో ఉన్నాయి, పటాలు ఆ అంకెలను బట్టి గీసినవే. కాబట్టి ముందు 7వ భాగంలోని భారతదేశపు పట్టిక చదివి, ఆ తర్వాతే ఆసియా పటాలలో పదవదాన్ని తెరువు. మన తీరం అక్కడే ఉంటుంది. కృష్ణగా పండితులు గుర్తించిన మైసోలోస్ నది, దాని చుట్టూ మైసోలియా ప్రాంతం, నేటి ఘంటసాలగా భావించే కొంటకోస్సిల అనే రేవు కనిపిస్తాయి. నాగార్జునకొండ శాసనంలోని కంటకసేల ఆ రేవే అంటారు. ద్వీపకల్పం కుదించుకుపోయి, తాప్రొబానె అనే సింహళం ఎన్నో రెట్లు పెద్దదై కనిపించినప్పుడు, ఆ వంకర టాలెమీ అంకెలలోనే ఉందా, లేక పటం గీసినవాడి చేతిలో వచ్చిందా అని తేల్చాలంటే పట్టిక నీ పక్కన ఉండవలసిందే. ఒక్కో ప్రతిలో ఒక్కో పేరు ఒక్కో విధంగా ఉంటుంది. నీకు సరైన రూపం తెలిసినా సరే, అక్కడ ఉన్నది అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకో. ఏ ప్రతి దేనిని చూసి తయారైందో చెప్పేవి ఆ తేడాలే.

లిఖిత ప్రతుల లిపి మొదట నిన్ను ఇబ్బంది పెడుతుంది. గోథిక్ రాతలో ఐ, ఎం, ఎన్, యు అక్షరాలన్నీ ఒకేలాంటి పొట్టి నిలువు గీతలు కావడం వల్ల, ఆ గీతలను లెక్కపెట్టి, వాక్యార్థాన్ని బట్టి పదాన్ని తేల్చుకోవలసి వస్తుంది. అక్షరం మీది అడ్డగీత సాధారణంగా ఎం గానీ ఎన్ గానీ లోపించిందని చెబుతుంది. పి అక్షరపు కాలును ఒక గీత అడ్డంగా కోస్తే 'పెర్', తల మీద గీత ఉంటే 'ప్రే'. తొమ్మిది అంకెలాంటి గుర్తు పదం మొదట్లో వస్తే 'కాన్', చివర పైకి లేచి ఉంటే 'ఉస్'. ఇటువంటి సంక్షిప్త రూపాలకు కపెల్లి కూర్చిన నిఘంటువు పక్కన లేకుండా బల్ల దగ్గర కూర్చోకు. తాళపత్రాలు చదివిన అలవాటు నీకు ఉంది గనుక రెండు వారాలలో కన్ను కుదురుకుంటుందని నా నమ్మకం. చర్మపత్రాల ప్రతి అయితే వెంట్రుకల వైపు కాస్త పసుపుగా, మాంసం వైపు తెల్లగా ఉంటుంది. ఎదురెదురు పుటలు సాధారణంగా ఒకే వైపువి అయి ఉంటాయి. ఎక్కడైనా ఆ వరుస తప్పితే ఒక ఆకు పోయిందేమో, చోటు మారిందేమో అని వెంటనే కుట్టు పరిశీలించు.

కాలనిర్ణయంలో తొందరపడకు. పటాలతో అచ్చయిన మొదటి టాలెమీ గ్రంథం బొలోన్యా ముద్రణ, దాని చివర 1462 అని ఉంటుంది. ఆ సంవత్సరానికి బొలోన్యాలో ముద్రణే మొదలుకాలేదు, అది నిజానికి 1477 నాటిది. పుస్తకమే తన గురించి చెప్పుకున్న మాటను కూడా పరీక్షించక తప్పదన్నమాట. కొలంబస్ కంటే ముందే అమెరికా తీరాన్ని చూపిన పటమంటూ యేల్ విశ్వవిద్యాలయం 1965లో ప్రకటించిన విన్‌లాండ్ పటం సంగతి ఇంకా గట్టి ఉదాహరణ. చర్మపత్రం 15వ శతాబ్దపుదే అయినా సిరాలో 20వ శతాబ్దపు టైటానియం సమ్మేళనం ఉందని తేలి, 2021లో అది నకిలీ అని ఆ విశ్వవిద్యాలయమే ప్రకటించింది. కాగితపు ప్రతి అయితే వెలుతురు పలక అడిగి, నీటిగుర్తును కొలతలతో సహా గీసుకుని, బ్రికే 1907లో ప్రచురించిన నీటిగుర్తుల సంకలనంతో పోల్చు. అది కాగితం తయారైన కాలానికే సాక్ష్యం, పటం మీది రంగుకు కాదు. రంగులు చాలాసార్లు ఎంతో కాలం తర్వాత వేసినవి.

రంగులలో ఆకుపచ్చ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడు. రాగితో చేసిన ఆ రంగు కాలక్రమాన కాగితాన్ని తినేస్తుంది. వెనక వైపు గోధుమరంగు మరకలు కనబడితే ఆ పుటను నువ్వు తిప్పవద్దు, సిబ్బందిని పిలువు. చేతి తొడుగులు వద్దు, కడిగి బాగా ఆరిన చేతులు చాలు. వేళ్ళకు స్పర్శ తెలియకపోతేనే అంచులు చిరుగుతాయి. పెన్సిలు తప్ప మరేదీ లోపలికి తీసుకువెళ్ళకు. వెళ్ళేటప్పుడు నీ కాగితాలు ఒక్కొక్కటిగా తిరగేసి చూస్తారు, నొచ్చుకోకు. 2005లో యేల్ బైనెకీ గ్రంథాలయంలో నేలమీద పడిన ఒక చిన్న బ్లేడును సిబ్బంది గమనించబట్టే, అనేక గ్రంథాలయాల నుంచి 97 పటాలు దొంగిలించిన వ్యాపారి పట్టుబడ్డాడు. అలా కోసి తీసిన పటం తిరిగి దొరికినా పుస్తకంలో దాని స్థానం మళ్ళీ మునుపటిలా ఉండదు. ఈ పని ప్రేమించేవారెవరికైనా అది తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

వెళ్ళడానికి కొన్ని వారాల ముందే క్యూరేటర్‌కు రాసి, నీకు కావలసిన ప్రతుల కాల్ నంబర్లు (గ్రంథాలయం ఒక్కో ప్రతికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలు), ఏ ప్రశ్న కోసం చూడదలచుకున్నావో స్పష్టంగా చెప్పు. ప్రశ్న తెలిస్తే కేటలాగులో లేని ప్రతులను కూడా వారే గుర్తుచేసి చూపిస్తారు. ఫోటోలు తీసేటప్పుడు ప్రతిసారీ ముందు కాల్ నంబరు చీటీ, తర్వాత ఆకు సంఖ్య, అది ముందు వైపో వెనక వైపో రాసిన కాగితం, ఆ తర్వాతే పుట వచ్చేలా చూసుకో. పదవ పటం వెనక వైపు ఏముందో రాసి పంపు.

ఇట్లు,
మీ మామయ్య