మాంగా (జపాన్ కామిక్స్), అనిమే (జపాన్ యానిమేషన్) అంటే అమెరికా, యూరప్ వాళ్లకు ఎందుకంత ఇష్టం?

ముఖ్యంగా కథ కోసమే: మొదలు, ముగింపు ఉన్న ఒకే పొడవాటి కథ, అందులో ఏళ్లతో పాటు మారే మనుషులు. అమెరికా కామిక్స్‌లో ఇది అంతగా దొరకదు. అక్కడ పేరున్న సూపర్‌హీరో ఎక్కువగా కంపెనీ ఆస్తి. రచయితలు మారిపోతుంటారు, హీరో వయసు మాత్రం దశాబ్దాలు గడిచినా దాదాపు ఎక్కడిదక్కడే. మాంగాలో బొమ్మలకు సహాయకులున్నా, కథ సాధారణంగా మొదటి నుంచి చివరిదాకా ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఎక్కడ ఆపాలో ఆ రచయితకు తెలుసు (కథను ధారావాహికగా వేసే పత్రిక ఆపనిస్తే!).

'డ్రాగన్ బాల్' మాంగా చూడండి. 1984లో మొదలైనప్పుడు దాని హీరో గోకు తోక ఉన్న అడవి పిల్లాడు. 1995లో 42 సంపుటాలతో ముగిసేసరికి పెళ్లయి, పిల్లలు పుట్టి, మనవరాలిని కూడా ఎత్తుకున్న తాత.

పెద్ద కళ్లు పెట్టి తెల్లవాళ్లలా గీస్తారు కాబట్టే వాళ్లకు నచ్చుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. డిస్నీ కార్టూన్లంటే ప్రాణం పెట్టే మాంగా రచయిత ఒసాము తెజుకా ఆ కళ్లను బాగా వాడుకలోకి తెచ్చాడు. అవి జాతిని చూపడానికి కాదు, ఏడుపూ కోపమూ భయమూ చప్పున కనబడటానికి. అదే కళ్లతో స్కూల్ యూనిఫాం వేసుకున్న అమ్మాయి జపాన్ పాఠకులకు జపాన్ అమ్మాయే.