గుడ్ ఫ్రైడేకు సొంతూరి చర్చిలో కీబోర్డు: ముందు మీ జేజి దగ్గర కూర్చోండి

బెంగళూరులో కీబోర్డు వాయిస్తానని, గుడ్ ఫ్రైడేకు, ఈస్టర్‌కు జమ్మలమడుగు దగ్గరి సొంతూరి చర్చిలో వాయించమన్నారని రాశారు. సెలవు తక్కువ, జేజినీ (నాయనమ్మనూ) ఇద్దరు మేనత్తలనూ చూడాలి, ఆరాధనకూ సిద్ధం కావాలి, సమయం ఎలా సర్దుకోవాలని అడిగారు. నేను పదకొండేళ్లుగా హైదరాబాద్ నుంచి వయొలిన్ తీసుకుని ఆ వైపే వెళ్తున్నాను. మీ రెండు పనులూ నిజానికి ఒకటే. చర్చిలో వాయించాల్సిన పాట మీ ఇంట్లోనే ఉంది.

మొదటి సంవత్సరం నేను చేసిన తప్పు చెబుతాను. కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తనకూ పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి కదా. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, ఆనందభైరవి అని ఉంటే ఆనందభైరవే వాయించాలని నెల రోజులు సాధన చేసి వెళ్లాను. పల్లవి వరకు జనం నాతో వచ్చారు. మొదటి చరణంలో గొంతులు తగ్గాయి, రెండో చరణానికి చర్చి అంతా నిశ్శబ్దం. అప్పుడు ఆడవాళ్ల వైపు ముందు వరుసలో కూర్చున్న మా అవ్వ కళ్లు తెరవకుండానే, తనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన వరుసలో పాట ఎత్తుకుంది. క్షణంలో అందరూ అందుకున్నారు. నేను కమాను దించి విన్నాను. ఆ వరుసలో రాగం పుస్తకంలో ఉన్నట్టు లేదు, కానీ ఒక్క స్వరం కూడా తడబడలేదు. తరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన బాణీ అది. దాన్ని దిద్దే అధికారం నాకు లేదని ఆ రోజు తెలిసింది.

అందుకే మీరు బుధవారం రాత్రికే ఊరు చేరేలా చూసుకోండి. ఒక రోజు సెలవు ఎక్కువ పెట్టాల్సి వచ్చినా సరే. గురువారం పొద్దున్నే పాస్టరు అయ్యగారి దగ్గర పాటల సంఖ్యలు రాసుకుని, పుస్తకం తీసుకుని జేజి దగ్గరికి వెళ్లండి. కీబోర్డు సంచిలోనే ఉండనివ్వండి. ఆమెను పాడమని అడగండి, ఫోనులో రికార్డు చేసుకోండి. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో, ఏ పాదం చివర సాగదీస్తున్నారో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. మేనత్తలను కూడా అక్కడికే రమ్మంటే పాటలతోపాటు ఊరి కబుర్లూ అవుతాయి, ఇల్లిల్లూ తిరిగే హడావిడీ తప్పుతుంది.

ఆ ప్రాంతంలో పనిచేసింది లండన్ మిషనరీ సొసైటీ. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఆ మిషను సంఘాలు అందులో కలిశాయి. మిషనరీలు తెచ్చిన ఇంగ్లిషు బాణీల పాటలూ, మనవాళ్లు రాగతాళాలతో రాసిన కీర్తనలూ ఒకే ఆరాధనలో పక్కపక్కనే వస్తాయి. కీబోర్డు వాయించేవారికి అసలు కష్టం ఇక్కడే. ఇంగ్లిషు బాణీలకు మీకు తెలిసిన కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కేవి) నిండుగా వేయండి, అవి అందుకోసమే పుట్టాయి. కీర్తనకు మాత్రం వేయకండి. ఎడమ చేత్తో షడ్జమం, పంచమం (స, ప) పట్టి ఉంచి, కుడి చేత్తో పాట వెంట వెళ్తే చాలు. గమకం ఉన్న చోట, అంటే స్వరం ఊగే చోట, కార్డు మార్చితే పాట విరిగినట్టు వినిపిస్తుంది. రిథమ్ మీట అసలు నొక్కకండి. జనం పాదం చివర ఒక ఊపిరికి ఆగుతారు, యంత్రం ఆగదు. శ్రుతి కూడా మీరు నిర్ణయించవద్దు. జేజి ఎక్కడ ఎత్తుకుంటారో చూసుకుని కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్‌ను అక్కడికి మార్చుకోండి.

శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం. మాటకూ మాటకూ మధ్య పాట ఉంటుంది, అన్నీ నిదానంగా సాగేవే. చాలామంది ఉపవాసంతో ఉంటారు. గొంతులు అలసిపోయే కొద్దీ శ్రుతి కిందికి జారుతుంది కాబట్టి చివరి పాటలకు ఒక అరమెట్టు తగ్గించి మొదలుపెట్టండి. కరెంటు పోతుందని తెలిసే వెళ్లండి, బ్యాటరీలు దగ్గర ఉంచుకోండి. తబలా వాయించే వారుంటే ఒక గంట ముందే కలవండి. ఆ పొడి వేడికి తోలు బిగుసుకుని తబలా శ్రుతి పైకి పోతుంది, దాన్ని దించి సరిచేయడానికి సమయం కావాలి. ఒకసారి ఎర్రగుంట్లలో రైలు దిగి, వయొలిన్ పెట్టెను ఎండలో నిలిపిన కారులో వదిలి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి జిగురు కరిగి అంచు విడిపోయింది. కీబోర్డు పాడవదని అనుకోకండి, దాన్నీ నీడలోనే ఉంచండి.

ఈస్టర్ తెల్లవారుజామున మా ఊళ్లో సమాధుల దగ్గరికి వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి పాడతాం. అక్కడ కరెంటూ ఉండదు, కీబోర్డూ ఉండదు. మీ ఊళ్లోనూ ఆ అలవాటు ఉంటే వట్టి చేతులతో వెళ్లి పాడండి.

మా అవ్వ పోయి నాలుగేళ్లయింది. ఆమె పాడినవి పద్నాలుగు కీర్తనలు నా ఫోనులో ఉన్నాయి. మిగతావి రికార్డు చేద్దామని ప్రతి ఏడూ అనుకున్నాను, ప్రతి ఏడూ సోమవారం బస్సుకు ఆలస్యమవుతోందని లేచి వచ్చేశాను. మీరు సోమవారం మధ్యాహ్నం బస్సుకు టికెట్ తీసుకోకండి, రాత్రి బస్సుకు తీసుకోండి.