ఇంట్లో పాట చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్, ఏ వాయిద్యాలు: మేనకోడలికి ఉత్తరం

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు అడిగినవి రెండే. పాటలు చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి, కంప్యూటర్‌లో మోగే వాయిద్యాలు ఏవి కొనాలి అని. నీ దగ్గరున్నది 8 జీబీ ర్యామ్ విండోస్ ల్యాప్‌టాప్, నీకు బాగా వచ్చింది పాడటం, ఉండేది విజయనగరం. ఈ మూడూ చూసుకునే రాస్తున్నాను. మొదటి రెండు నెలలూ సాఫ్ట్‌వేర్ మీద ఒక్క రూపాయి పెట్టకు.

పాడేవాళ్లు ముందు చూడాల్సింది ఆ సాఫ్ట్‌వేర్ గొంతుని రికార్డు చేసుకోనిస్తుందా లేదా అని. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ ఉచితం, బీట్లు అల్లుకోవడానికి బాగుంటుంది, కానీ అందరూ వాడే 1.2 వెర్షన్‌లో మైకు నుంచి నేరుగా రికార్డు చేసే వీలు లేదు. ఎఫ్‌ఎల్ స్టూడియో ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లు ఊరికే ఇస్తారు, అది నిజంగా మంచి మాట. అయితే అన్నిటికంటే చవగ్గా దొరికే ఫ్రూటీ ఎడిషన్‌లో గొంతు రికార్డింగ్ ఉండదు, దానికి ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి. ట్రయల్‌లో పాట సేవ్ అవుతుంది గానీ, మూసేశాక కొనేదాకా తిరిగి తెరుచుకోదు. మ్యాక్ ఉన్నవాళ్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగానే వస్తుంది కాబట్టి వాళ్లకి ఈ గొడవ లేదు.

నీకు నేను చెప్పేది రీపర్. 60 రోజులు ఏ కోతా లేకుండా మొత్తం వాడుకోవచ్చు. ఆ తర్వాత సొంతానికి వాడుకునేవాళ్లకి లైసెన్సు 60 డాలర్లు. చిన్న ఫైలు, పాత ల్యాప్‌టాప్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. లోటు ఏమిటంటే దానితోపాటు వాయిద్యాలు దాదాపు ఏమీ రావు, తెరవగానే ఖాళీ ఇల్లులా ఉంటుంది. అది చూసి రెండోరోజే ఇంకోదానికి మారిపోకు. ఒక్క పాట మొదటి నుంచి చివరిదాకా అందులోనే పూర్తి చెయ్యి. ట్రాక్ వేయడం, గొంతు తీసుకోవడం, తప్పు వచ్చిన ముక్క కోసి మళ్లీ పాడటం, చివర్న పాటని డబ్ల్యూఏవీ అనే ఆడియో ఫైలుగా తీసుకోవడం, ఈ నాలుగూ చెయ్యి తిరిగాక ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకలాగే కనిపిస్తుంది.

మిగిల్చిన డబ్బు ముందు తీగ ఉన్న హెడ్‌ఫోన్‌కీ, తర్వాత ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌కీ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పెట్టు. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో పాడాలని చూడకు. అందులో శబ్దం మామూలుగా 100 మిల్లీసెకన్లకు పైనే ఆలస్యంగా వస్తుంది, తాళం చేతిలోంచి జారిపోతుంది. తీగ ఉన్నా ఆలస్యం ఉండకపోదు, దాన్ని బఫర్ సైజు, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టే శబ్దం ముక్క ఎంత అనేది, తేలుస్తుంది. శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) 44,100 ఉన్నప్పుడు బఫర్ 512 పెడితే దాదాపు 11.6 మిల్లీసెకన్లు, 128 పెడితే 2.9. గొంతు లోపలికి వెళ్లాలి, మళ్లీ నీ చెవికి రావాలి కాబట్టి ఆ లెక్కని రెట్టింపు చేసుకో. పాడేటప్పుడు 128 పెట్టు, చిటపటలు వస్తే 256కి వెళ్లు, పాట అంతా అయి కలుపుకునేటప్పుడు 1024 పెట్టుకో. ఇదంతా జరగాలంటే రీపర్ ప్రిఫరెన్సెస్‌లో ఆడియో డివైస్ దగ్గర ఏసియో (ఆలస్యాన్ని తగ్గించే డ్రైవర్ పద్ధతి) అని ఎంచుకోవాలి. ఇంటర్‌ఫేస్ కంపెనీ సైట్ నుంచి దాని సొంత డ్రైవరే వేసుకో. ఇంటర్‌ఫేస్ కొనేదాకా ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్‌తో నెట్టుకురావచ్చు.

రికార్డింగ్‌లో సన్నగా గుయ్‌మని రొద వినిపిస్తే మైకుని తిట్టుకోకు. ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడు. రొద పోయిందంటే తప్పు ఎర్తింగ్‌ది. బ్యాటరీ మీద పాడుకో, లేదా ఎర్త్ సరిగా ఉన్న మూడు పిన్నుల ప్లగ్ దగ్గరికి మారు.

ఇక వాయిద్యాలు. పియానోకి సాలమాండర్ గ్రాండ్ అని యమహా సీ5 మీద రికార్డు చేసింది ఉచితంగా ఉంది. రికార్డు చేసిన ఒక్కో స్వరాన్నీ 16 రకాల బలంతో వాయించి తీశారు, నీలాంటి వాళ్లకి అంతకంటే అక్కర్లేదు. దాన్ని తెరవడానికి స్ఫోర్జాండో అనే ఉచిత ప్లేయర్ సరిపోతుంది. కంప్యూటరే పుట్టించే సింథ్ శబ్దాలకి సర్జ్ ఎక్స్‌టీ, వైటల్. వయొలిన్ల గుంపు కావాలంటే స్పిట్‌ఫైర్ వాళ్ల బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్. దీనికి పెద్దన్న, ప్రొఫెషనల్ ఎడిషన్, వందల జీబీలు ఉంటుంది, నీ ల్యాప్‌టాప్ దాని జోలికి పోలేదు. ట్రాక్‌లు ఎక్కువై ల్యాప్‌టాప్ రొప్పడం మొదలుపెడితే, వాయించడం అయిపోయిన ట్రాక్ మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీజ్ చెయ్యి. అది మామూలు ఆడియోగా మారి ర్యామ్ ఖాళీ అవుతుంది. మార్చుకోవాలంటే మళ్లీ అన్‌ఫ్రీజ్ చేసుకోవచ్చు.

వాయిద్యాల లైబ్రరీలని (ముందే రికార్డు చేసిన శబ్దాల మూటల్ని) మోగించే కొంటాక్ట్ విషయంలో మాత్రం కళ్లు తెరుచుకుని చూడు. కొంటాక్ట్ ప్లేయర్ ఉచితం, పూర్తి కొంటాక్ట్ ఖరీదు. నెట్‌లో దొరికే మన సితార్, తబలా లైబ్రరీల్లో చాలావాటికి పూర్తిదే కావాలి. ప్లేయర్‌లో వేస్తే 15 నిమిషాలు మోగి ఆగిపోతాయి. లైబ్రరీ ధర చూసే ముందు అది ప్లేయర్‌లో నడుస్తుందని రాశారో లేదో చదువు.

వీణ లైబ్రరీ కొనాలనుకుంటే నేను చెప్పే పరీక్ష ఒకటి పెట్టు. తోడిలో గాంధారం. ఆ గమకం రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతుంది. వీణ మీద తీగని మెట్టు పక్కకి లాగితే స్వరం పైకే వెళ్తుంది, కిందికి రాదు. అంటే రిషభం మెట్టు మీద మీటి మధ్యమం దాకా లాగాలి, నాలుగు సెమీటోన్ల దూరం (కీబోర్డు మీద పక్కపక్క మీటల మధ్య దూరం ఒక సెమీటోన్). కీబోర్డు మీద స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం మామూలుగా రెండు సెమీటోన్లకే కట్టేసి ఉంటుంది. అందుకే అందరి వీణా గాంధారం దగ్గరే, మధ్యమం చేరకముందే ఆగిపోయినట్టు వినిపిస్తుంది. వాయిద్యం సెట్టింగుల్లో బెండ్ రేంజ్ అయిదుకి పెంచి వాయించి చూడు. అది మార్చనివ్వని లైబ్రరీ నీకొద్దు. మార్చనిచ్చినా, అంత దూరం సాగదీసేసరికి బుర్ర శబ్దం కూడా స్వరంతోపాటు సాగి, వీణ బొమ్మ వీణలా మోగుతుంది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, ఒకే శాంపిల్‌ని, అంటే రికార్డు చేసిన ఒకే శబ్దం ముక్కని, లాగడంలో ఉన్న ఇబ్బంది. నువ్వున్న ఊళ్లో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. వీణలు చేసే గొల్లపల్లి బొబ్బిలి దగ్గరే. ఆ కళాశాలలో వీణ నేర్చుకుంటున్న అమ్మాయినొకర్తెని నీ శృతిలో నాలుగు వరుసలు వాయించమని అడిగి రికార్డు చేసుకుంటే, ఏ లైబ్రరీ దాని దరిదాపులకి రాదు. శృతి మాత్రం ముందే తేల్చుకో. అయిదు శృతి అంటే జీ, అయిదున్నర అంటే జీ షార్ప్. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో శృతి మార్చుకుందాం అనుకుంటే మళ్లీ అదే బొమ్మ వీణ అవుతుంది.

తప్పెటగుళ్ల శబ్దం కావాలని అడిగావు చూడు, నాకు చాలా సంతోషం వేసింది. దాన్ని కొనడానికి వెతక్కు, నువ్వే చేసుకో. వాయించే మనిషిని ఫ్యాను ఆపిన గదిలో కూర్చోబెట్టు, గోడలకి దుప్పట్లు వేలాడదియ్యి. మైకు ఒక అడుగు దూరంలో, వాయిద్యానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి. రికార్డింగ్ 24 బిట్, శాంపిల్ రేటు 48,000 పెట్టు. గట్టిగా కొట్టిన దెబ్బ కూడా మీటరులో మైనస్ 6 డెసిబెళ్లు దాటకుండా గెయిన్ తగ్గించుకో. ఒక్కో రకం దెబ్బని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు బలాలతో, ఒక్కో బలంతో నాలుగుసార్లు, అంటే 12 దెబ్బలు. ప్రతి దెబ్బకీ నడుమ శబ్దం పూర్తిగా ఆరిపోయేదాకా మూడు సెకన్లు ఆగమను. నాలుగుసార్లు ఎందుకంటే, ఒకే శాంపిల్ వరసగా మోగితే చెవి వెంటనే పట్టేస్తుంది, మిషన్ తుపాకీలా ఉంటుంది. తర్వాత ఒక్కో దెబ్బనీ దాని మొదటి చప్పుడుకి సరిగ్గా ఆనించి కోసుకో. ముందు 10 మిల్లీసెకన్ల నిశ్శబ్దం మిగిలినా వాయించినప్పుడు తాళం వెనకబడుతుంది. ఈ 12నీ స్ఫోర్జాండోకి ఇవ్వడానికి ఏ శబ్దం ఎప్పుడు మోగాలో చెప్పే ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైలు చాలు, నోట్‌ప్యాడ్‌లోనే రాయొచ్చు. వెలాసిటీ, అంటే మీట నొక్కే బలం, 1 నుంచి 50 దాకా మెల్లనివి, 51 నుంచి 95 దాకా మధ్యవి, ఆపైన 127 దాకా గట్టివి. ఒక్కో గుంపులోని నాలుగూ వంతులవారీగా మోగేలా వరస సంఖ్య ఇవ్వు.

జముకుల కథలో వాయించే జముకుకి మాత్రం ఇది పనికిరాదు. తీగ బిగువు మారుతుండగానే స్వరం పైకీ కిందికీ జారుతుంది, ఆ జారుడే దాని ప్రాణం. అందుకని విడి దెబ్బలు కాకుండా, హెడ్‌ఫోన్‌లో క్లిక్ వినిపిస్తూ నాలుగేసి ఆవర్తాలు వాయించి తీసుకో. రెండు మూడు వేగాలలో తీసుకుంటే నీ పాటకి దగ్గరగా ఉన్నది వాడుకోవచ్చు.

క్రాక్ చేసినవి ఎవరిచ్చినా వేసుకోకు. వాటిలో వైరస్ ఉంటే నీ రికార్డింగులన్నీ ఒక్కరాత్రిలో పోతాయి. డాలర్లలో కట్టాల్సి వచ్చినప్పుడు బ్యాంకు యాప్‌లో డెబిట్ కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి, కట్టగానే ఆపెయ్యి.

రీపర్‌లో మొదటిసారి సేవ్ చేసేటప్పుడు కింద రెండు గడులుంటాయి. పాటకి విడి ఫోల్డర్ చెయ్యమనేది ఒకటి, ఆడియో అంతా అందులోకి కాపీ చెయ్యమనేది ఒకటి. రెండూ టిక్ పెట్టు. లేకపోతే పెన్‌డ్రైవ్‌లో నాకు పంపినప్పుడు పాట తెరుచుకుంటుంది గానీ గొంతు ఉండదు.

మీ మావయ్య